మూడేళ్ళుగా ఇంట్లో కలుపుకుంటున్న షాంపూ, ఫేస్‌వాష్: ఏం పనిచేసింది, ఏం తగలేసింది

మా ఇంట్లో షాంపూ కొని మూడేళ్ళు దాటింది. నేనే కలుపుతున్నా. కోకో గ్లూకోసైడ్, సీఏపీబీ, ఎస్సీఐ అని మూడు సర్ఫాక్టెంట్లు, ఈ రివ్యూ వాటి మీదే. సర్ఫాక్టెంట్ అంటే కంగారు పడకండి, నూనెనీ మురికినీ పట్టుకుని నీళ్ళతో పాటు లాక్కుపోయే సరుకు అంతే, సబ్బు చేసేదీ అదే, కుంకుడుకాయలో ఉండే సపోనిన్ చేసేదీ అదే. అమ్మేవాళ్ళ పేర్లు రాయట్లేదు, నాలుగైదు చోట్ల నుంచి తెప్పించా, లేబుల్ మారింది గానీ సరుకులో నాకు పెద్ద తేడా కనపడలేదు.

ఎందుకు మొదలెట్టానంటే మాది మియాపూర్ వైపు అపార్ట్‌మెంటు, సగం రోజులు బోరు నీళ్ళు, మిగతా రోజులు ట్యాంకరు. సబ్బుతో ముఖం కడిగితే బిగదీసుకుపోయి నవ్వితే పగులుద్దేమో అన్నట్టుండేది. బకెట్ అంచున తెల్లగా జిడ్డులా పడుతుంది చూశారా, బోరు నీళ్ళలో ఉన్న కాల్షియం సబ్బుతో కలిసి కరగని పదార్థం అవుతుంది, అదే అది, ఒంటి మీదా జుట్టు మీదా కూడా కాస్త మిగిలిపోతుంది. నేను వాడే ఈ మూడు సర్ఫాక్టెంట్లతో చేసినవాటికి ఆ బాధ చాలా తక్కువ. ఇంకోటి, మా అత్తయ్య కుంకుడుకాయ తప్ప ఇంకోటి ముట్టరు, కానీ మోకాళ్ళ నొప్పులొచ్చాక అన్ని కాయలు కొట్టి నానబెట్టి పిసికే ఓపిక ఆవిడకీ లేదు, నాకసలే లేదు.

మొదటి బ్యాచ్ సంగతి చెప్తా, నవ్వుకోండి. కోకో గ్లూకోసైడ్ జాతిదే, డెసిల్ గ్లూకోసైడ్ తెప్పించా. గ్లూకోజూ, కొబ్బరి లాంటి నూనెల నుంచి వచ్చే ఫ్యాటీ ఆల్కహాలూ కలిపి చేస్తారు, ఎక్కడ చూసినా మైల్డ్ మైల్డ్ అని రాస్తారు. సరే అని 20 గ్రాములు అది, మిగతా నీళ్ళు, కాస్త కలబంద జెల్ కలిపి ఆ సాయంత్రమే తలంటుకున్నా. ఆరాక చూస్తే జుట్టు కాదు కొబ్బరి పీచు. దువ్వెన సగంలో ఆగిపోయింది. రెండ్రోజుల తర్వాత పీహెచ్ కాగితాలొచ్చాయి, అంటే ఆమ్లమో క్షారమో రంగు మారి చూపించేవి, అంకె 7 కంటే ఎంత పైకెళ్తే అంత క్షారం, ఒకటి ముంచితే ముదురు నీలం, దగ్గర దగ్గర 11! సరుకు మైల్డే కానీ డబ్బాలో పాడవకుండా ఉండాలని దాన్ని 11.5 నుంచి 12.5 మధ్య పీహెచ్‌లో ఉంచి అమ్ముతారు, ఆ ముక్క అమ్మే పేజీలో కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది, నేను చదవలేదు. తల మీద చర్మం కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది, 5 చుట్టుపక్కల. క్షారం తగిలితే వెంట్రుక ఉబ్బి పైన ఉండే పొలుసులు లేస్తాయి, ఒకదానికొకటి చిక్కుకుంటాయి. ఇప్పుడైతే నిమ్మఉప్పు నీళ్ళలో కరిగించి పెట్టుకుని చుక్క చుక్కగా వేస్తూ 5.5కి దించుతా. అదే గ్లూకోసైడ్, అదే జుట్టు, పీచు మాట లేదు.

అందుకే ఎవరైనా ఏం కొనాలి అని అడిగితే మొదట పీహెచ్ కాగితాలు, తర్వాత గ్రాములో వందో వంతు చూపించే చిన్న డిజిటల్ కాటా, ఆ తర్వాతే మిగతావి అంటాను. చెంచాల లెక్కన కలిపితే ఒకసారి కుదిరింది రెండోసారి కుదరదు.

మూడింట్లో నాకు బాగా నచ్చింది సీఏపీబీ, పూర్తి పేరు కోకమిడోప్రొపైల్ బీటైన్. లేత పసుపు రంగు నీళ్ళ సరుకు, వాసన పెద్దగా ఉండదు, అందులో అసలు సరుకు 30 శాతం పైచిలుకే, మిగతాది ఎక్కువగా నీళ్ళు, కొంచెం ఉప్పు. దీన్ని విడిగా వాడితే ఏమంత గొప్ప కాదు, దీని మహిమంతా వేరేవాటితో కలిసినప్పుడే. సర్ఫాక్టెంట్ అణువులు నీళ్ళలో గుంపులు కడతాయి, కొన్ని మాత్రం ఒంటరిగా తిరుగుతుంటాయి, చర్మంలోకి దూరి మంట పుట్టించేవి ఎక్కువగా ఆ ఒంటరివే. సీఏపీబీ వచ్చి చేరితే గుంపులు గట్టిపడి ఒంటరిగా తిరిగేవి తగ్గుతాయి. అంటే ఒకే సర్ఫాక్టెంటు 14 శాతం వేసినదాని కంటే రెండు మూడు కలిపి అదే 14 శాతం చేసింది చర్మానికి మెత్తగా ఉంటుంది. ఇది బుర్రకెక్కడానికి నాకు ఏడాది పట్టింది, అన్నాళ్ళూ ఏది అన్నిటికంటే మైల్డో అదొక్కటే కొనాలని వెతుకుతూ కూర్చున్నా. నురగ కూడా దీంతోనే మారుతుంది, పెద్ద పెద్ద బుడగలు పోయి సన్నగా మీగడలా వస్తుంది, కాసేపు నిలుస్తుంది.

అయితే అందరికీ పడుతుందని మాత్రం చెప్పను. మా ఆడపడుచుకి రెండు వారాలు వాడాక చెవుల వెనక దురద మొదలైంది, దేనివల్లో తేల్చుకోలేదు గానీ తను ఆపేసింది, నేనూ మళ్ళీ వాడమనలేదు. అమెరికాలో కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ వాళ్ళు ఏటా ఒక అలర్జెన్ (అలర్జీ తెప్పించే పదార్థం) పేరు ప్రకటిస్తారు, 2004లో ప్రకటించింది ఈ సీఏపీబీనే, 2017లో నా గ్లూకోసైడ్ల జాతినే. దీనర్థం ఇవి విషం అని కాదు, ఎక్కువమందికి పడతాయి, కొద్దిమందికి పడవు. అందుకే ఏ బ్యాచ్ అయినా ముందు మోచేతి మడతలో రాసి చూస్తాం, మా ఇంట్లో అది రూలు.

ఇక ఎస్సీఐ. సోడియం కోకోయిల్ ఐసెథియొనేట్. నురగ విషయంలో దీన్ని కొట్టింది నేను చూడలేదు, చర్మం మీద జారుతుంటే వెన్న రాసుకున్నట్టే ఉంటుంది, కడిగాక బిగుతు ఉండదు. కానీ పెట్టే ఇబ్బంది మామూలుది కాదు. మొదట పొడి తెప్పించా, కవర్ కత్తిరించగానే లేచింది చూడండి, ముక్కులో గొంతులో మంట, పది నిమిషాలు తుమ్ములే తుమ్ములు, మా వాడు ఇంట్లో మిరపకాయలు దంచుతున్నారా అని అడిగాడు. తర్వాత నుంచి నూడుల్స్ లాగా వచ్చేదే కొంటున్నా, అది ఎగరదు, అయినా మాస్క్ పెట్టుకునే తూస్తా. మామూలు నీళ్ళలో కరగదు. సీఏపీబీలో వేసి, వేడినీళ్ళ గిన్నెలో గిన్నె పెట్టి, 70 డిగ్రీలు దాటే దాకా కాచి, ఓపిగ్గా స్టీలు గరిటెతో తిప్పాలి. బ్లెండర్ పెట్టారా, గిన్నెలో సరుకు సగం, నురగ సగం. పైగా కరిగింది కదా అని సంబరపడితే చల్లారాక మళ్ళీ తెల్లగా గడ్డకడుతుంది. నేను మొదటిసారి 12 శాతం వేశా, పొద్దున్నకి సీసాలో ముత్యాల రంగులో చిక్కగా తయారైంది, అత్తయ్య మూత తీసి చూసి "ఇది తలకి రాసుకునేదా అమ్మాయ్, సగ్గుబియ్యం పాయసమా?" అన్నారు. ఇప్పుడు 6 దాటనివ్వను.

చాలా ప్రయోగాల తర్వాత మా ఇంట్లో నిలబడ్డ లెక్క ఇది, 100 గ్రాముల షాంపూకి. ఎస్సీఐ 6, సీఏపీబీ 20, కోకో గ్లూకోసైడ్ 6, గ్లిజరిన్ 3, ఈడీటీఏ 0.1, ఫినాక్సీఇథనాల్ ఉన్న ప్రిజర్వేటివ్ (బూజు పట్టకుండా, పాడవకుండా ఉంచేది) 1, మిగతా దాదాపు 64 డిస్టిల్డ్ వాటర్, చివర్లో నిమ్మఉప్పుతో పీహెచ్ 5.5. అసలు సరుకు లెక్క కడితే ఎస్సీఐ నుంచి 5, సీఏపీబీ నుంచి 6, గ్లూకోసైడ్ నుంచి 3, వెరసి 14 శాతం. ఈడీటీఏ బోరు నీళ్ళ కాల్షియాన్ని కొంత పట్టేస్తుంది. ఫేస్‌వాష్‌కి ఎస్సీఐ తీసేసి గ్లూకోసైడ్ 8, సీఏపీబీ 12 వేస్తా, అంటే 7, 8 శాతం మధ్య, ముఖానికి అంతకంటే అక్కర్లేదు.

చిక్కదనం ఇంకో తలనొప్పి. ఉప్పు వేస్తే చిక్కబడుతుంది అని అందరూ అంటారు, అది ఎస్ఎల్ఈఎస్ (బయటి షాంపూల్లో ఎక్కువగా కనపడే సల్ఫేట్ సర్ఫాక్టెంటు), సీఏపీబీ జోడీకి నిజం, అక్కడ కూడా కొంత దాకే, మోతాదు దాటిందా తిరిగి నీళ్ళైపోతుంది. గ్లూకోసైడ్ ఎక్కువున్న ఫేస్‌వాష్ ఉప్పుని లెక్కే చేయలేదు. దానికి జాంథన్ గమ్ వాడాలి, గ్లిజరిన్‌లో ముందు కలిపి తర్వాత నీళ్ళలో వేయకపోతే ఉండలు కడుతుంది, కాస్త ఎక్కువైతే, చెప్పడానికి బాగోదు గానీ, చీమిడిలా సాగుతుంది. ఇప్పుడు పంపు ఉన్న ఫోమర్ బాటిల్ కొనేశా, పల్చగా ఉన్నా నొక్కగానే నురగే వస్తుంది, గమ్ గోల వదిలింది.

పెద్ద నష్టం మాత్రం కుంకుడు రసం కలిపిన బ్యాచ్‌తో. అత్తయ్య మనసు గెలుద్దామని నీళ్ళ బదులు వడకట్టిన కుంకుడు రసం పోసి అర లీటరు చేశా, సహజమైనది కదా అని ప్రిజర్వేటివ్ మానేశా. ఇరవై రోజులు తిరక్కుండానే మూత దగ్గర నల్లటి చుక్కలు, తీస్తే పులిసిన కుడితి వాసన. మొత్తం పారబోశా. కుంకుడు రసం ఏ పూటకాపూట చేసుకునేదే, ఆ సంగతి మన పెద్దవాళ్ళకి తెలుసు కాబట్టే ఎవరూ సీసాలో దాచలేదు. చిన్నప్పుడు ఆదివారం తలంటులో కళ్ళు మండితే నోట్లో ఉప్పుగల్లు పెట్టేవాళ్ళు గుర్తుందా, నీళ్ళున్న ఏ సీసాకైనా ప్రిజర్వేటివ్ కావాలి అని చెప్పినప్పుడల్లా మా అక్క ఆ ఉప్పుగల్లు కథ ఎత్తుతుంది, మనం కుంకుడుకాయలతోనే పెరిగాం కదే అని. పెరిగాం, కానీ పూటకి చేసిన రసంతో పెరిగాం.

నూనె తలకి ఇది ఎలా ఉంటుంది అని చాలామంది అడుగుతారు. ఆముదం, కొబ్బరినూనె దట్టంగా పెట్టుకున్న రోజు మొదటి విడత అసలు నురగే రాదు, నూనె నురగని చంపేస్తుంది, అది షాంపూ తప్పు కాదు. రెండో విడతకి గుమ్మడికాయంత వస్తుంది. నురగ ఎక్కువైతే ఎక్కువ శుభ్రం అని లేదు, నాకు తెలుసు, అయినా నురగ లేకపోతే తలంటుకున్నట్టు అనిపించదు, అత్తయ్యకైతే మరీను.

బయట కొనేవాళ్ళకి ఒక మాట. సల్ఫేట్ ఫ్రీ అని ముందు రాసుందని మురిసిపోకుండా వెనక్కి తిప్పండి. కొన్నిట్లో ఒలెఫిన్ సల్ఫొనేట్ అనే ఇంకో సర్ఫాక్టెంటు ఉంటుంది, పేరుకి సల్ఫేట్ కాదు, నూనె పీకడంలో తక్కువేం తినలేదు. సీఏపీబీ బాగా వేసి పీహెచ్ సరిగ్గా పెట్టిన ఎస్ఎల్ఈఎస్ షాంపూ దానికంటే మెత్తగా ఉండొచ్చు.

డబ్బు మిగులుతుందని చేయకండి, మామూలు షాంపూ కంటే చవక పడదు, ఖరీదైన సల్ఫేట్ ఫ్రీ వాటితో పోలిస్తే మాత్రం గిట్టుబాటే. తూకం వేయడం, గిన్నెలు కడుక్కోవడం, పీహెచ్ చూడటం విసుగైతే మీకిది వద్దు. నాకు ఆదివారం పొద్దున ఒక గంట, రెండు నెలలకి సరిపడా వస్తుంది. ఎస్సీఐ ఉన్న షాంపూ మేలో నీళ్ళలా కారుతుంది, జనవరిలో సీసాలోంచి దిగదు. అప్పుడు సీసాని వేడినీళ్ళ చెంబులో ఐదు నిమిషాలు నిలబెట్టండి. మా అత్తయ్య స్నానానికి నీళ్ళు తోడగానే ముందు చేసే పని అదే, సీసాకి "పాయసం" అని పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.