ఆర్థికవేత్తల కాగితాల మధ్య ఎనిమిది రోజులు: డ్యూక్ విశ్వవిద్యాలయ పత్రాగారం

డిగ్రీ కళాశాలలో ఆర్థిక సిద్ధాంతాల చరిత్రను ఇరవై ఏళ్లకు పైగా బోధించినా, ఆ చరిత్రకు మూలమైన చేతిరాతలను కళ్లారా చూసే అవకాశం నాకు గత వేసవిలోనే కలిగింది. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని క్యారీలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్లినప్పుడు, అక్కడికి చేరువలో ఉన్న డర్హమ్‌లో, డ్యూక్ విశ్వవిద్యాలయం వారి రూబెన్‌స్టీన్ గ్రంథాలయంలో ఎనిమిది రోజులు చదువుకున్నాను. ఇరవయ్యో శతాబ్దపు ఆర్థిక చింతనపై పరిశోధించేవారికి అక్కడి ‘ఎకనామిస్ట్స్ పేపర్స్ ఆర్కైవ్’ ఎంత అవసరమో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

పాల్ శామ్యూల్సన్, కెన్నెత్ యారో, రాబర్ట్ సోలో, ఫ్రాంకో మోదిగ్లియానీ, డగ్లస్ నార్త్, అన్నా ష్వార్ట్జ్ వంటివారి ఉత్తరాలు, చిత్తుప్రతులు, పాఠాల నోట్సు ఇక్కడ భద్రంగా ఉన్నాయి. ఆర్థిక చింతనలో ఆస్ట్రియా సంప్రదాయం అనే శాఖకు ఆద్యుడైన కార్ల్ మెంగర్ కాగితాలు కూడా ఇక్కడికే చేరాయి. ఆర్థిక చింతన చరిత్రకే అంకితమైన ‘హిస్టరీ ఆఫ్ పొలిటికల్ ఎకానమీ’ పత్రిక 1969లో ఈ విశ్వవిద్యాలయంలోనే మొదలైంది. 2008లో ఇదే విషయానికి ఒక ప్రత్యేక పరిశోధన కేంద్రం కూడా ఏర్పడింది. ఏ ఆర్థికవేత్త పత్రాలను సేకరించాలో తెలిసినవారు, వాటిని చదివి చరిత్ర రాసేవారు ఒకేచోట ఉండడం వల్లనే ఈ సేకరణ ఇంతగా పెరిగిందని నా అభిప్రాయం.

ఇక్కడ చదవడానికి రుసుము లేదు, ఆ విశ్వవిద్యాలయంతో సంబంధం ఉండాలన్న నియమమూ లేదు. గుర్తింపు పత్రం చూపి పేరు నమోదు చేయించుకోవాలి, సంచులు బయట పెట్టాలి, పెన్ను వాడకూడదు, పెన్సిలే వాడాలి. కొన్ని పెట్టెలు వేరే గిడ్డంగిలో ఉంటాయి కాబట్టి వాటిని ముందుగానే కోరుకోవాలి. ఒక్కో సేకరణలో ఏ పెట్టెలో, ఏ ఫోల్డరులో ఏముందో తెలిపే వివరణ పట్టిక ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. దాన్ని ఇంటి దగ్గరే శ్రద్ధగా చదివి వెళ్లినవారికి ఒక్క పూట కూడా వృథా కాదు.

నేను వెతుక్కుంటూ వెళ్లింది సాధారణ సమతౌల్య సిద్ధాంతం సంగతి. పోటీ మార్కెట్లన్నింటిలో ఏకకాలంలో సరఫరాకూ గిరాకీకీ పొత్తు కుదిర్చే ధరలు ఉండి తీరుతాయని యారో, జెరార్డ్ డెబ్రూ నిరూపించారని మేము తరగతిలో చెబుతాం. వారి వ్యాసం 1954 జులైలో ‘ఎకనమెట్రికా’లో వచ్చింది. అదే పత్రికలో, అదే ఏడాది ఏప్రిల్‌లో, అంటే అంతకు ముందు సంచికలోనే, లయోనెల్ మెకెంజీ తనదైన నిరూపణను ప్రచురించాడు. అప్పుడాయన డ్యూక్‌లోనే అధ్యాపకుడు. యారోకు 1972లో, డెబ్రూకు 1983లో నోబెల్ బహుమతి వచ్చింది, మెకెంజీకి రాలేదు. యారో, మెకెంజీ ఇద్దరి కాగితాలూ ఇప్పుడు ఈ ఒక్క గ్రంథాలయంలోనే ఉన్నాయి. అంతకన్నా విలువైనవి ఆ పత్రికకు అప్పట్లో సహ సంపాదకుడిగా ఉన్న నికొలస్ జార్జెస్కు-రోగన్ పత్రాలు. యారో, డెబ్రూల వ్యాసాన్ని పరిశీలించిన గణితవేత్త సెసిల్ ఫిప్స్ దానిపై తీవ్రమైన అభ్యంతరాలు లేవనెత్తాడన్న సంగతి చరిత్రకారులకు అక్కడి ఉత్తరాల వల్లనే తెలిసింది. ఈనాడు ప్రతి పాఠ్యపుస్తకంలోనూ తిరుగులేని సత్యంలా కనిపించే నిరూపణ, దాన్ని అచ్చువేయాలా వద్దా అన్న వాదనను దాటుకునే బయటికి వచ్చిందన్నమాట. అచ్చయిన వ్యాసాన్ని ఎన్నిసార్లు చదివినా ఈ సంగతి తెలియదు.

ఇటీవలి చరిత్రకు ప్రత్యేకమైన ఇబ్బందులు కూడా ఉన్నాయి. జీవించి ఉన్నవారి గురించిన సిఫారసు లేఖలు, విద్యార్థుల వివరాలు కొంతకాలం చూడనివ్వరు, అది న్యాయమే. సేకరణలో ఎక్కువ భాగం కాగితాల రూపంలోనే ఉంది కాబట్టి హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో కూర్చుని చదవడం కుదరదు. వీటన్నిటికన్నా పెద్ద పరిమితి మరొకటి ఉంది. ఎవరి కాగితాలు దక్కితే వారి చరిత్రే వివరంగా రాస్తారు, ఇక్కడ దక్కినవి అధికంగా అమెరికా విశ్వవిద్యాలయాలలో పనిచేసినవారివి. మన దేశపు ఆర్థిక చింతనపై పనిచేసేవారు పుణెలో 1981లో నెలకొల్పిన రిజర్వు బ్యాంకు పత్రాగారానికీ, ఢిల్లీలోని వ్యక్తిగత పత్రాల సేకరణలకూ వెళ్లక తప్పదు. తెలుగునాట పనిచేసినవారి విషయంలో ఆ మాత్రం ఆసరా కూడా నాకు కనిపించలేదు. మా ప్రాంతంలోని ఒక విశ్వవిద్యాలయంలో వ్యవసాయ ఆర్థికశాస్త్రం చెప్పిన పెద్దాయన పదవీ విరమణ చేశాక, ఆయన గదిలోని గ్రామ సర్వేల కాగితాలు, దశాబ్దాలపాటు నడిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు పాత కాగితాల కింద తూకానికి పోయాయి. డర్హమ్‌లో ఒక్కో ఉత్తరాన్ని రెండు చేతులతో ఎత్తి చూస్తున్నంతసేపూ ఆ గదే నా మనసులో మెదిలింది.

ఈ విషయంపై పిహెచ్.డి. చేస్తున్నవారు కనీసం మూడు వారాలు కేటాయించుకుని వెళ్లాలని నా సలహా. డ్యూక్‌లోని ఆ పరిశోధన కేంద్రం ఇచ్చే ఫెలోషిప్పులకు ముందే దరఖాస్తు చేసుకుంటే ఖర్చు భారం తగ్గుతుంది. ఎనిమిది రోజుల్లో నేను మెకెంజీ, జార్జెస్కు-రోగన్ పెట్టెలలో కొన్నింటినే పూర్తిచేయగలిగాను. యారో పెట్టెలను ఇంకా తెరవవలసి ఉంది.