పద్నాలుగేళ్ల పాలరాయి: నేలకి సరే, వంటగట్టుకి వద్దు

ఇల్లు కట్టుకున్నప్పుడు హాలు నేలకీ, వంటగట్టుకీ ఒకే తెల్ల మార్బుల్ వేయించాం. పద్నాలుగేళ్లయింది. నేల మీద నాకు పెద్ద ఫిర్యాదేం లేదు. ఎండాకాలం కాళ్లకి చల్లగా ఉంటుంది. రెండుసార్లు పాలిష్ పట్టించాం, అంతే. గుమ్మం దగ్గర మాత్రం మెరుపు పోయి, సాయంత్రం వెలుతురు ఏటవాలుగా పడితే కాలిబాటలా కనిపిస్తుంది. పాలరాయిలో ముఖ్య ఖనిజం కాల్సైట్. దాని గట్టిదనం మోస్ స్కేలు (ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే కొలత) మీద 3, ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7. చెప్పులకంటిన ఇసుకే ఉప్పుకాగితం అన్నమాట.

బాధంతా వంటగట్టుతోనే. దిగిన నెలలోనే ఎవరో కోసిన నిమ్మచెక్కని బోర్లించి వదిలేశారు. తెల్లారి చూస్తే గుండ్రంగా మసక మచ్చ. మరకే కదా అని సబ్బుతో తోమాను, పోలేదు. తెలివితక్కువగా వెనిగర్ కూడా రుద్దాను. మచ్చ రెండింతలైంది! వేలితో తడిమితే అర్థమైంది, అక్కడ రాయి గరుకుగా ఉంది. పాలరాయంటే చాలావరకు కాల్షియం కార్బొనేటే. పులుపు తగిలితే పైపొర కరుగుతుంది. కరిగినదాన్ని ఏ సబ్బు వెనక్కి తెస్తుంది? మళ్లీ అరగదీయాల్సిందే. రాతి సన్న రంధ్రాల్ని మూసే పూత, సీలర్ కొట్టించాం. అది నూనె, టీ ఇంకకుండా కొంత కాపాడింది గానీ పులుపుని ఆపలేదు. అమ్మినవాళ్లు ఈ ముక్క చెప్పలేదు.

అలాగని రాయిని తిట్టలేను. ఆ మెత్తదనం వల్లేగా ఇటలీ శిల్పి మైకెలాంజిలో డేవిడ్ విగ్రహం చేతి మీద నరాలు ఉబ్బినట్టు చెక్కగలిగాడు, తాజ్‌మహల్ గోడల్లో సన్నటి గాడులు తొలిచి రంగురాళ్ల పూలు పొదిగారు. పలచగా కోస్తే వెలుతురు కూడా దూరుతుంది: అమెరికా యేల్ యూనివర్సిటీలో 1963లో తెరిచిన బైనెకీ లైబ్రరీకి కిటికీల బదులు పాలరాతి పలకలే. కానీ పలచన చేయడంలోనూ చిక్కుంది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో 1971లో పూర్తయిన ఫిన్లాండియా హాల్ అనే కచేరీ భవనం బయటి పాలరాతి పలకలు ఎండకీ చలికీ వంకర్లు పోతే, 1990ల చివర్లో మార్చారు. మళ్లీ అదే ఇటలీ కరారా గనుల పాలరాయి వేశారు, మళ్లీ వంగింది! ఆ మచ్చల వంటగట్టుతోనే ఏళ్లు నెట్టుకొచ్చిన నా మొండితనం దీనికన్నా నయమే.

పోయినేడు గట్టుకి గ్రానైట్ వేయించాం. పాత పలకలో ఒక ముక్కని కోయించి కిటికీ దగ్గర షెల్ఫ్‌లా పెట్టాను. నిమ్మచెక్క మచ్చ అలాగే ఉంది. దాని మీదే పూలకుండీ పెట్టాను, కింద ప్లాస్టిక్ పళ్లెం వేసి. ఇనప స్టాండ్ పెడితే తుప్పు మరక దిగుతుంది, ఆ ముచ్చటా హాల్లో తీరింది.