క్లీవ్‌లాండ్, టొలీడో, డెట్రాయిట్: ప్రజల సొత్తుగా నిలిచిన మూడు కళామ్యూజియంలు

నయాగరా జలపాతం దాకా వెళ్లిన మనవారిలో ఎక్కువమంది అక్కడినుంచే న్యూయార్క్ వైపు వెనుదిరుగుతారు. కారులో పడమరగా మూడు నాలుగు గంటలు ప్రయాణిస్తే ఈరీ సరస్సు ఒడ్డున క్లీవ్‌లాండ్ వస్తుంది. మరో 185 కిలోమీటర్ల దూరంలో టొలీడో, అక్కడికి సుమారు 95 కిలోమీటర్లలో డెట్రాయిట్ ఉన్నాయి. ఒకప్పుడు ఉక్కు, గాజు, కార్లు తయారుచేసి సంపన్నమై, తరువాత జనాన్నీ పరిశ్రమలనూ పోగొట్టుకున్న ఈ మూడు నగరాలలో మూడు గొప్ప కళామ్యూజియంలు నేటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మూడింటినీ లాభాపేక్ష లేని సంస్థలే నడుపుతున్నాయి. అక్కడ ఏమున్నదో ఏ గైడుపుస్తకంలోనైనా దొరుకుతుంది కనుక, అవి ఎవరి ధనంతో నడుస్తున్నాయి, ఆ ధనం వచ్చే తీరు గడప దాటి లోపలికి వచ్చే మనిషికి ఎలా తెలుస్తుంది అన్నదే ప్రధానంగా గమనించాను. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారు వెంట ఉండడం వల్ల కుర్చీలూ లిఫ్టులూ సిబ్బంది మాటతీరూ కూడా నా లెక్కలోకి వచ్చాయి.

క్లీవ్‌లాండ్ కళామ్యూజియం 1913లో ఏర్పడి, 1916 జూన్‌లో తలుపులు తెరిచింది. హర్ల్‌బట్, హంటింగ్టన్, కెల్లీ అనే ముగ్గురు ధనికులు వీలునామాలలో వదిలిన సొమ్ముకు జెఫ్తా వేడ్ ఇచ్చిన స్థలం తోడై ఇది రూపుదిద్దుకుంది. ‘ప్రజలందరి మేలు కోసం, ఎప్పటికీ’ అన్నది దీని స్థాపకుల సంకల్పం. మన ఆలయశాసనాలలో అఖండదీపానికి గొర్రెలను దానమిచ్చి, మందను తరగనివ్వకుండా వాటి నేతితోనే దీపం వెలిగించాలని కట్టడి చేసినట్లే, ఇక్కడ కూడా అసలు నిధిని కదపకుండా దానిపై వచ్చే రాబడితో మ్యూజియాన్ని నడుపుతారు. 1957లో మరణించిన లెనార్డ్ హానా ఒక్కడే 3.4 కోట్ల డాలర్లు వదిలి వెళ్లాడు. అందుకే శాశ్వత ప్రదర్శనలకు టిక్కెట్టు లేదు. ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రం రుసుము ఉంటుంది. టిక్కెట్టు లేకపోవడం వల్ల కలిగే మేలు లోపల తిరిగితేనే అర్థమవుతుంది. డబ్బు పెట్టాం కాబట్టి అన్నీ చూసి తీరాలన్న తొందర ఉండదు. ఒక గది చూసి, విశాలమైన గాజుకప్పు ప్రాంగణంలో కూర్చుని, అలసట తీరాక మరో గదికి వెళ్లవచ్చు. చుట్టుపక్కలవారు పిల్లలను ఆ ప్రాంగణానికి తీసుకువచ్చి కాసేపు కూర్చోబెట్టుకుని వెళ్లిపోవడం చూశాను. మ్యూజియం వారి రోజువారీ బతుకులో భాగం కావడమంటే ఇదేనని నా నమ్మకం.

ఇక్కడి చోళుల కాలపు నటరాజు ఎదుట అమ్మగారు చాలాసేపు నిలబడిపోయారు. అక్బరు ఆస్థానంలో తయారైన తూతీనామా (చిలుక చెప్పిన కథలు) చిత్రప్రతి కూడా ఈ సంస్థ సొత్తే. కాగితం మీది చిత్రాలు వెలుతురుకు పాడవుతాయి కనుక ఇలాంటి ప్రతుల పుటలను అన్నివేళలా ప్రదర్శనలో ఉంచరు. అయితే 2019 జనవరిలో ఈ సంస్థ, కాపీహక్కులు లేని దాదాపు 30,000 కళాఖండాల ఛాయాచిత్రాలను ఎవరైనా, ఏ అవసరానికైనా, అనుమతి అడగకుండా వాడుకునేలా విడుదల చేసింది. క్లీవ్‌లాండ్ ముఖం చూడని విద్యార్థికి కూడా ఆ చిత్రాలు అందుతాయంటే, స్థాపకుల సంకల్పంలోని ‘ప్రజలందరి’ పరిధి నగరపు ఎల్లలు దాటినట్లే కదా.

బస విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మ్యూజియం ఉన్న యూనివర్సిటీ సర్కిల్ ప్రాంతంలో పెద్ద ఆసుపత్రులు ఉండడంతో హోటల్ గదుల అద్దెలు ఎక్కువ. విమానాశ్రయం దగ్గర తక్కువ అద్దెకు దిగి, అక్కడినుంచి నేరుగా ఈ ప్రాంతానికి వచ్చే రెడ్ లైన్ రైలు ఎక్కడమే మేలనిపించింది. స్టేషన్ నుంచి కొంత నడక తప్పదు. క్లీవ్‌లాండ్ నుంచి టొలీడోకు రైళ్లు ఉన్నా, అవి అర్ధరాత్రి దాటాకో తెల్లవారుజామునో వస్తాయి. పెద్దవారితో వెళ్లేవారు కారునే నమ్ముకోవాలి.

టొలీడో మ్యూజియాన్ని 1901లో గాజు వ్యాపారి ఎడ్వర్డ్ డ్రమండ్ లిబ్బీ స్థాపించాడు. ఇక్కడా ప్రవేశం ఉచితమే, పార్కింగుకు మాత్రం రుసుము ఉంది. వీధికి ఆవలి పక్క 2006లో జపాన్ వాస్తుశిల్పులు కజుయో సెజిమా, ర్యూయే నిషిజావా రూపకల్పనలో కట్టిన గాజు మంటపం ఉంది. దాని గోడలు దాదాపు అన్నీ వంపులు తిరిగిన గాజే. అందులోని కొలిమి దగ్గర కూర్చుని, కరిగిన గాజును ఊది పాత్రగా మలిచే ప్రదర్శనను ఉచితంగా చూడవచ్చు. కార్ఖానాకు పరిమితమైన గాజుపనిని కళాకారుడు తన సొంత కొలిమిలో చేసుకోగలడని నిరూపించిన 1962 నాటి కార్యశాలలు జరిగింది ఈ మ్యూజియం ఆవరణలోనే. వస్తువును అద్దాల వెనుక భద్రపరచడంతో ఆగక, దాన్ని చేసే నేర్పును కూడా బతికించడం ఎంతో విలువైన సేవ.

టొలీడోలో నా మనసును ఎక్కువగా పట్టుకున్నది అక్కడ లేని ఒక విగ్రహం. 2006లో ఈ మ్యూజియం ఒక కంచు వినాయకుణ్ణి కొన్నది. అది తమిళనాడు గుడినుంచి దొంగిలించినదని తేలడంతో, 2014లో భారతదేశానికి తిరిగి ఇవ్వాలని నిర్ణయించింది. క్లీవ్‌లాండ్ కూడా 2015లో ఒక హనుమంతుడి శిల్పాన్ని కంబోడియాకు అప్పగించింది. కొనే ముందే ఇంతకన్నా గట్టిగా విచారించి ఉండవలసిందన్న మాట నిజం. అయినా, ప్రజల తరఫున సేకరిస్తున్నామని చెప్పే సంస్థ, ఆ వస్తువు ఏ ప్రజల దగ్గర నుంచి వచ్చిందో కూడా అడగక తప్పదు. తప్పు తేలినప్పుడు తిరిగి ఇవ్వడం ఆ కర్తవ్యంలో భాగమే. క్లీవ్‌లాండ్‌లో నటరాజు ఎదుట నిలబడినప్పుడు అమ్మగారు అడిగిన మొదటి ప్రశ్న ‘ఈయన ఏ ఊరి స్వామి?’ అని. ప్రతి విగ్రహం పక్కనా ఆ ప్రశ్నకు జవాబు, అంటే అది ఎవరి చేతులు మారి ఇక్కడికి చేరిందన్న వివరం, అందరికీ కనిపించే అక్షరాలలో రాసి పెట్టాలని కోరుకుంటున్నాను.

టొలీడోలో మేము దిగిన హోటలు పార్కింగ్ సొమ్మును ముందుగా చెప్పకుండా బిల్లులో కలిపింది. గది తీసుకునేటప్పుడే అడిగి రాయించుకోవడం మంచిది.

డెట్రాయిట్ కళామ్యూజియం కథ వేరు. 1885లో మొదలైన ఈ సంస్థ సేకరణ 1919లో నగరపాలక సంస్థ చేతికి వెళ్లింది. 1922లో ఇది కొన్న స్వీయచిత్రమే అమెరికాలోని ఒక ప్రజా మ్యూజియంలో చేరిన మొదటి వాన్ గో చిత్రం. నగరం దగ్గర డబ్బున్నంత కాలం ఆ ఏర్పాటు సాగింది. 2013 జూలైలో సుమారు 1,800 కోట్ల డాలర్ల అప్పులతో డెట్రాయిట్ దివాలా ప్రకటించినప్పుడు, చిత్రాలు నగరం ఆస్తి కనుక అమ్మి బాకీ తీర్చమని అప్పులవారు పట్టుబట్టారు. వేలం సంస్థ వచ్చి వెలకట్టింది కూడా. ఒకవైపు చిత్రాలు, మరోవైపు జీవితమంతా నగరానికి పనిచేసిన ఉద్యోగుల పింఛన్లు. చివరకు దాతృత్వసంస్థలు, మిషిగన్ రాష్ట్రం, మ్యూజియం దాతలు కలిసి దాదాపు 81.6 కోట్ల డాలర్లు సమకూర్చడానికి ఒప్పుకున్నారు. అందులో 10 కోట్లు మ్యూజియం తరఫున సేకరించవలసినవి. ఆ సొమ్ము పింఛన్లకు పోయింది. పింఛన్లలో కోత పూర్తిగా తప్పకపోయినా తగ్గింది. కళాఖండాలు నగరం చేతినుంచి లాభాపేక్ష లేని సంస్థ చేతికి శాశ్వతంగా మారాయి. ఇకమీదట నగరం అప్పుల కోసం వాటిని ఎవరూ తాకలేరు.

దానికి ముందే, 2012లో, డెట్రాయిట్, దాని చుట్టుపక్కల ప్రాంతాలు ఉన్న వేన్, ఓక్‌లాండ్, మకోంబ్ కౌంటీల (మన జిల్లాల వంటివి) ఓటర్లు మ్యూజియం కోసం తమ ఆస్తిపన్ను పెంచుకోవడానికి ఒప్పుకున్నారు. లక్షన్నర డాలర్ల ఇంటికి ఏడాదికి దాదాపు 15 డాలర్లు. బదులుగా ఆ మూడు కౌంటీలవారికి ప్రవేశం ఉచితం. 2020లో మళ్లీ ఓటు వేసి దాన్ని కొనసాగించారు. మావంటి బయటివారు టిక్కెట్టు కొనాలి, అది న్యాయమే. మూడింటిలోనూ టిక్కెట్టు కొన్నది ఇక్కడొక్కచోటే అయినా, ఎక్కువసేపు గడిపిందీ ఇక్కడే. మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా 1932-33లో చిత్రించిన 27 కుడ్యచిత్రాల ప్రాంగణం దానికి కారణం. ఫోర్డు కార్ల కర్మాగారపు శ్రామికులే ఆ చిత్రాలకు నాయకులు. దానికి సొమ్మిచ్చింది ఆ కంపెనీ అధ్యక్షుడు ఎడ్సెల్ ఫోర్డు. పూర్తయిన కొత్తలో వీటిని చెరిపివేయాలని గోల జరిగినా మ్యూజియం లొంగలేదు. ఉత్తరపు గోడమీద ఇంజన్ తయారీ చిత్రంలో వంగిన వీపులు, బిగిసిన చేతులు చూస్తుంటే, పింఛన్ల కోసమూ చిత్రాల కోసమూ ఒకే ఒప్పందం ఎందుకు కుదరవలసి వచ్చిందో బోధపడుతుంది. ఈ సంస్థ 2010 నుంచి తన చిత్రాల నకళ్లను పార్కులలోనూ వీధులలోనూ నిలబెడుతోంది. ఊరివాళ్లు గడప దాటకపోయినా వాటిని చూడగలుగుతున్నారు.

మూడుచోట్లా వీల్‌ఛైర్లు ఉచితంగా ఇస్తారు. డెట్రాయిట్‌లో మ్యూజియం ముందున్న వుడ్‌వర్డ్ అవెన్యూలో నడిచే ట్రాముకు టిక్కెట్టు లేదు, కాబట్టి నగరం నడిబొడ్డున బస చేసినా రాకపోకల ఖర్చు కలిసివస్తుంది. క్లీవ్‌లాండ్, డెట్రాయిట్ మ్యూజియంలకు సోమవారం సెలవు. శుక్రవారం రెండూ రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటాయి, ఆ సాయంత్రాలే అనువైనవి. పిల్లలున్న కుటుంబానికి టొలీడో కొలిమిని, పెద్దవారితో వచ్చేవారికి క్లీవ్‌లాండ్‌ను చెబుతాను. ఒక్కచోటికే వీలున్నవారు డెట్రాయిట్ వెళ్లి, రివేరా ప్రాంగణంలో తొందరపడకుండా పూట గడపాలి.