కొత్త పెయింటు కొట్టిన పాత కారు కొంటుంటే ఒకసారి కిందకి వంగి చూడండి

మొన్న శ్రీకాకుళం నుంచి విశాఖ వస్తుంటే తగరపువలస దాటాక నా మారుతి 800 వెనక టైరు పంచరైంది. రోడ్డు పక్కన ఆపి, రన్నింగ్ బోర్డు, అంటే డోర్ల కింద పొడవునా ఉండే రేకు భాగం, దాని కింద జాకీ పెట్టి తిప్పడం మొదలుపెట్టాను. కారు లేవలేదు గానీ జాకీ మాత్రం పైకి పోయింది. అప్పడం నలిగినట్టు కరకరమని చప్పుడు, ఆ వెంటనే అరచేయంత పుట్టీ పెచ్చు ఊడి నా కాళ్ల దగ్గర పడింది. బొటనవేలంత మందం ఉంది. పైన మెరిసే తెల్ల పెయింటు, వెనక తడిసిన న్యూస్‌పేపరు ఉండ. విప్పి చూస్తే ఏదో వెంచర్ ప్రకటన. ‘క్లియర్ టైటిల్’ అన్న అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు.

ఆ కారు కొని అప్పటికి నాలుగు నెలలే. 2008 మోడల్, 72 వేలు. నిజం చెప్పాలంటే పెయింటు చూసే పడిపోయాను. “ఒరిజినల్ బాడీ సార్, గీతలున్నాయని మొన్నే ఫుల్ పెయింటింగ్ చేయించాం. తుప్పు చూపించండి, డబ్బులు వాపస్” అన్నాడు డీలరు. తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లాను కూడా. ఆయన ఇంజిను, క్లచ్చు, సైలెన్సర్ పొగ అన్నీ చూసి బాగుందన్నాడు. బాగానే ఉంది మరి. కానీ బాడీ చూడాల్సింది రేకు పని చేసే టింకరు. ఆ సంగతి నాకు తట్టలేదు.

వానలు మొదలయ్యాక వెనక చక్రం పైన మడత దగ్గర పెయింటు చిన్న చిన్న పొక్కులుగా లేచింది. ఎండకి అయ్యుంటుందిలే అని వదిలేశాను. అప్పుడే గోటితో గీకి ఉంటే అసలు విషయం తెలిసేది.

డీలరుకి ఫోన్ చేస్తే “పాత బండి కదా సార్, తుప్పుండదా?” అని నన్నే అడిగాడు. డెలివరీ కాగితంలో ‘ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను’ అన్న లైను కింద నా సంతకం ఉంది. మీరు సంతకం పెట్టేటప్పుడు ఆ లైను ఒకటికి రెండుసార్లు చదవండి. తుప్పు లేదని నోటితో చెప్పినవాడిని అదే ముక్క కాగితం మీద రాసిమ్మనండి.

దగ్గర్లోని పెయింటింగ్ షాపుకి తీసుకెళ్తే వాళ్లు చెప్పిన వైద్యమూ అదే: కన్నానికి జాలీ పెట్టి, పుట్టీ నింపి, పైన పెయింటు. 5 వేలు, రెండు రోజులు. మొదటివాడు పేపరు కుక్కితే వీళ్లు జాలీ పెడతారట, అంతే తేడా. ఇలాంటి షాపులకి దణ్ణం పెట్టి వచ్చేయండి.

చివరికి గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దొరికాడు. ముందు కార్పెట్ మొత్తం పీకించి, స్క్రూడ్రైవరుతో ఫ్లోరంతా పొడుచుకుంటూ వెళ్లాడు. గట్టి రేకు టంగుమంది. తుప్పు తిన్నచోట స్క్రూడ్రైవరు మెత్తగా లోపలికి దిగిపోయింది. “ఇది లారీ కాదు బాబూ, విడిగా చాసిస్ ఉండడానికి. దీనికి బాడీయే చాసిస్. రన్నింగ్ బోర్డు పోతే నడుం పోయినట్టే” అన్నాడు. పక్కనుంచి ఏదైనా గుద్దితే లోపలున్న మనకి అడ్డుగా ఉండేది ఆ రేకే.

తుప్పు మీద పుట్టీ ఎందుకు నిలవదో కూడా ఆయనే చెప్పాడు. పుట్టీ నీళ్లు పీలుస్తుంది, ఆ తడి కింద రేకుని వదలదు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది కాబట్టి పైనున్నదాన్ని తోసేస్తుంది. పైగా మనది ఉప్పుగాలి ఊరు. నా కారుకి ఇంకో ఘనకార్యం కూడా చేశారు. డోర్ల అడుగున నీళ్లు పోయే కన్నాలుంటాయి కదా, వాటినీ పుట్టీతో మూసేశారు. అద్దం సందులోంచి దిగిన వాన నీళ్లు డోర్లోనే నిలిచిపోయేవి.

ఆయన కుళ్లిన భాగాన్ని మంచి రేకు తగిలేదాకా కోసేశాడు. బ్యాటరీ తీసి, పెట్రోల్ ట్యాంకు దించాకే వెల్డింగ్ ముట్టుకున్నాడు. కొత్త రేకుని ఒకేసారి గీతలా లాగకుండా ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టుకుంటూ అతికించాడు. వేడికి రేకు వంకర పోకుండా అట. తర్వాత గ్రైండింగ్, ఎపాక్సీ ప్రైమరు, ఆ పైన గోరంత మందం పుట్టీ. పుట్టీ అసలు వాడకూడదని కాదు, ఎగుడుదిగుళ్లు సరిచేయడానికే దాన్ని వాడాలి. కన్నం పూడ్చడానికి కాదు. పెయింటయ్యాక మళ్లీ తుప్పు పట్టకుండా రన్నింగ్ బోర్డు లోపలికి పైపుతో వ్యాక్సు కొట్టాడు. మొత్తం 23 వేలు, ఆరు రోజులు.

మీరు చూడ్డానికి వెళ్లేటప్పుడు ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకోండి. పల్చటి గుడ్డ చుట్టి డోర్ల అడుగు అంచు, రన్నింగ్ బోర్డు, చక్రాల పైన మడతల మీద పెట్టండి. రూఫు మీద పట్టినంత గట్టిగా అక్కడా పట్టాలి. జారిపోయిందంటే కింద పుట్టీ ఉంది. అయితే కొందరు తుప్పు మీదే రేకు ముక్క రివెట్ కొట్టి పైన పూస్తారు, అప్పుడు అయస్కాంతం కూడా మోసపోతుంది. అందుకని బట్టలు మాసినా సరే కిందకి దూరి టార్చి వేసి చూడండి. మ్యాట్లు ఎత్తి వాసన చూడండి, తడి వాసన దాగదు. రబ్బరు బీడింగుల మీద పెయింటు పడి ఉంటే హడావుడిగా కొట్టిన పనే. నిజంగా రిపేరు చేయించినవాళ్లయితే పుట్టీ పూయకముందు తీసిన ఫోటోలు ఫోనులో ఉంటాయి, అడగండి. జాకీ పెట్టి ఒకసారి లేపి చూపించమనండి. నేను అడిగి ఉంటే ఆ రోజే తేలిపోయేది.

నిన్న అటువైపు వెళ్తే ఆ డీలరు షెడ్డు ముందు ఇంకో 800 కనిపించింది. ఎర్రది, తళతళలాడుతోంది. రన్నింగ్ బోర్డు అంచున మాస్కింగ్ టేపు ముక్క ఇంకా అంటుకునే ఉంది.