పాత కారు అడుగుకు ఏ పూత మేలు: నల్ల కోటింగా, ఎపాక్సీయా, మైనమా?

ఎండలు మొదలైతే చాలు, పాత బండ్లున్న స్నేహితులు అడిగే ప్రశ్న ఒకటే. "అడుగు భాగం తుప్పు తీయిస్తున్నాం, పైన ఏం కొట్టించాలి?" నల్గొండలో కలిసినవాళ్లదీ ఇదే మాట, పాలమూరు నుంచి ఫోన్ చేసినవాళ్లదీ ఇదే మాట. పోయిన వేసవిలో మా నాన్న 1986 అంబాసిడర్ మార్క్ 4ను పైకి లేపి అడుగంతా కొత్తగా చేయించాను కాబట్టి, ఒకసారి వివరంగా రాస్తే అందరికీ పనికొస్తుందనిపించింది. తుప్పు తిన్న రేకును కోసి కొత్త రేకు వేయాలని, రంధ్రాలను పుట్టీతో పూడ్చకూడదని మీకు తెలిసిందే. వెల్డింగ్ అయ్యాక ఏం చేయాలన్నదే ఇక్కడి విషయం.

మన షెడ్లలో దొరికేవి ముఖ్యంగా మూడు. ఒకటి నల్ల అండర్‌బాడీ కోటింగ్, అంటే తారు లేదా రబ్బరు కలిసిన మందపాటి పూత. దీన్నే కొందరు టెఫ్లాన్ కోటింగ్ అని కూడా అంటారు. రెండోది హార్డనర్ కలిపి కొట్టే ఎపాక్సీ ప్రైమర్, దాని మీద పెయింట్. మూడోది మైనం లేదా నూనె రకం, ఎప్పటికీ పూర్తిగా గట్టిపడనిది.

నేను మొదట నల్ల కోటింగే చేయించాను. ఒక సర్వీసింగ్ సెంటర్‌లో పొద్దున ఇస్తే సాయంత్రానికి బండి చేతికొచ్చింది. వంగి చూస్తే అడుగంతా కొత్త బండిలా నల్లగా నిగనిగలాడింది. రోడ్డు శబ్దం కూడా తగ్గింది. మూడేళ్లు నిశ్చింతగా ఉన్నాం. నాలుగో ఏడు టైరు మార్చడానికి జాకీ పెడితే బండి లేవలేదు, జాకీ తల రేకులోకి దిగిపోయింది. అప్పుడు బండిని మా టింకర్ చాచా దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కింద పడుకుని స్క్రూడ్రైవర్ పిడితో అడుగంతా తట్టుకుంటూ పోయాడు. "బేటా, ఇను. గీడ టంగుమంటున్నది, గీడ డబ్బుమంటున్నది. పైన నలుపే, లోపట మొత్తం సిలుం" అన్నాడు. ఇనుప పట్టీతో గీకితే పుండు మీది పక్కు లేచినట్టు నల్ల పొర లేచి వచ్చింది. దాని కింద రేకు పొరలు పొరలుగా రాలింది. డోర్ల కింది బాక్సులకు, అంటే రేకును మడిచి చేసిన బోలు దూలాలకు, నీళ్లు కారిపోవడానికి కంపెనీ పెట్టిన చిన్న రంధ్రాలన్నీ ఆ కోటింగ్‌తో మూసుకుపోయి ఉన్నాయి.

తప్పంతా కోటింగ్‌దే అనను. బండిని కడిగి, సరిగా ఆరకముందే, పాత తుప్పు మీదే కొట్టారు. కానీ ఆ పూత గుణం కూడా ఇందులో ఉంది. మన ఎండాకాలపు వేడికి తారు రకం పూత ఏళ్లు గడిచేకొద్దీ బిరుసెక్కి పగుళ్లిస్తుంది. కంకర రాయి తగిలిన చోట చిన్న సందు పడుతుంది. నీళ్లు ఆ సందులోంచి దూరి పొర కిందుగా పాకుతాయి. పోయే దారి ఉండదు కాబట్టి అక్కడే ఉంటాయి. పైనుంచి చూస్తే మనకేమీ తెలియదు.

నా నిర్ణయం అంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడింది. పూత ఎంత గట్టిది, ఎంత మందం అన్నది కాదు. దాని కింద ఏం జరుగుతోందో మనకు కనబడుతుందా లేదా అన్నదే అసలు సంగతి. ఎందుకంటే అంబాసిడర్‌కు జీపులా విడిగా చాసిస్ ఉండదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఈ బాడీలో అడుగు రేకు, దానికి అతికించిన బాక్సులే బరువంతా మోస్తాయి. ప్రీమియర్ పద్మినీ కారు కూడా అంతే. జీపుకు ఫ్లోర్ రేకు పోతే కాళ్ల కింద రోడ్డు కనిపిస్తుంది. వీటికి బాక్సులు పోతే డోర్లు సరిగా పడవు, బండి నడుమే కుంగుతుంది.

మన ప్రాంతం సంగతి కూడా చూడాలి. తుప్పు గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలి దేశాలవి. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మనకు ఆ ఉప్పు లేదు, సముద్రపు గాలీ లేదు, ఏడాదిలో ఎక్కువ నెలలు పొడి గాలే. అయినా మన బండ్లు తుప్పు పడుతున్నాయంటే ప్రధాన కారణం బురద. వానాకాలం నాట్లప్పుడు సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్లలో దమ్ము చేసిన ట్రాక్టర్లు కేజ్ వీల్స్‌తో రోడ్డెక్కి ఎంత మట్టి వదిలిపోతాయో మనకు తెలుసు. ఆ మట్టి మడ్‌గార్డ్ లోపల, కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) బిగించే చోట దిట్టంగా అంటుకుంటుంది. పైకి ఎండినట్టే ఉంటుంది, లోపల తడి రోజుల తరబడి నిలుస్తుంది. దీనికి తోడు డిక్కీలో యూరియా, డీఏపీ బస్తాలు వేసుకుని పొలానికి పోతాం. రాలిన గింజలు గాలిలో తేమ పీల్చుకుని నీరై డిక్కీ అతుకుల్లోకి దిగుతాయి. ఆ ఎరువు నీళ్లు కూడా ఇనుమును వదలవు. ఇక చెట్టు కింద నిలిపిన బండికి చింతాకు, వేపాకు అద్దం కింది సందుల్లో చేరి కుళ్లి నీళ్ల దారి మూసేస్తాయి. ఆ నీళ్లు కాళ్ల దగ్గర మ్యాట్ కిందికి వస్తాయి. అంటే మన తుప్పు చాలా వరకు సందుల్లో నిలిచిన తడితోనే మొదలవుతుంది, తరచూ బాక్సు లోపలి నుంచే బయటికి వస్తుంది. అడుగున బయటివైపు ఎంత మందంగా పూసినా లోపలి తడికి అది అడ్డు కాదు.

అందుకే ఈసారి ఎపాక్సీ, మైనం రెండూ వాడాను.

ఎపాక్సీ గొప్పదనం అది పట్టుకునే తీరులో ఉంది. శుభ్రంగా గీకిన రేకును అది అంటిపెట్టుకుంటుంది, తడిని తొందరగా పోనివ్వదు. మన టింకర్లు అలవాటుగా కొట్టే రెడ్ ఆక్సైడ్‌కూ దీనికీ ఇక్కడే తేడా. రెడ్ ఆక్సైడ్ పొరలో సన్నని రంధ్రాలుంటాయి, తేమను పూర్తిగా ఆపదు. పైన పెయింట్ లేకుండా ఒక్క వానాకాలం వదిలితే కింద ఎర్రబడుతుంది. ఎపాక్సీకి కష్టమంతా ముందు పనిలోనే. గ్రైండర్‌కు వైర్ కప్ బ్రష్ పెట్టి మెరిసే రేకు వచ్చేదాకా గీకాలి, థిన్నర్‌తో తుడవాలి, అదే రోజు కొట్టాలి. నాకు గీకడానికే నాలుగు రోజులు పట్టింది. ఎండాకాలంలో హార్డనర్ కలిపాక తొందరగా బిగుసుకుంటుంది కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకుని పొద్దున్నే కొట్టించాం. మధ్యాహ్నం కాలే రేకు మీద కొడితే సరిగా పరుచుకోకముందే ఆరిపోతుంది. రెండు కోట్లయ్యాక అతుకులన్నిటికీ సీమ్ సీలర్ పెట్టి, పైన లేత బూడిద రంగు పెయింట్ వేయించాను. చాచా నలుపే బాగుంటుందన్నాడు కానీ నేను ఒప్పుకోలేదు. లేత రంగు మీద చిన్న ఎర్ర మరక పడినా టార్చ్ వేస్తే కనబడుతుంది. దాన్ని అక్కడికక్కడే గీకి సరిచేసుకోవచ్చు. ఎపాక్సీకి ఎండ పడదు, పొడి పొడిగా రాలుతుంది. కానీ బండి అడుగుకు ఎండ తగలదు కాబట్టి ఆ బాధ లేదు.

బ్రష్ అందని మూలల్లో రస్ట్ కన్వర్టర్ వాడాను. చాలా కన్వర్టర్లలో ఉండేది టానిక్ ఆమ్లం. అది తుప్పుతో కలిసి నల్లటి గట్టి పొర అవుతుంది. మన తాతలు కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసుకున్నది ఇదే గుణంతో, కరక్కాయలో టానిన్, అన్నభేదిలో ఇనుము. కానీ కన్వర్టర్ పలుచని తుప్పును మాత్రమే మారుస్తుంది. పొరలుగా రాలే తుప్పు మీద పోస్తే పై పొర నల్లబడుతుంది, కింద పని సాగుతూనే ఉంటుంది.

బాక్సుల లోపలికి మాత్రం మైనమే. వెల్డింగ్ చేసినప్పుడు ఆ వేడికి రేకు లోపలివైపు ఉన్న పెయింట్ కూడా కాలిపోతుంది. అక్కడికి గ్రైండర్ పోదు, బ్రష్ పోదు. కంప్రెసర్ గన్‌కు పొడవాటి సన్నని గొట్టం తగిలించి, చివర అన్ని వైపులా చిమ్మే నాజిల్ పెట్టి, డ్రెయిన్ రంధ్రాల్లోంచి లోపలికి పంపి, నెమ్మదిగా వెనక్కి లాగుతూ కొట్టాలి. రోహిణి కార్తె ఎండలో రెండు గంటలు నిలబెట్టిన బండికి కొడితే మైనం పలుచబడి అతుకుల్లోకి తనే పాకుతుంది. ఈ ఒక్క పనికి మన ఎండలు వరం. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ కూడా ఈ కోవలోదే. వానకు తడిసినా గొర్రె ఒంటికి నీరు తొందరగా దిగకుండా కాపాడే కొవ్వు అది. గొర్రెల మందలకు పేరుపడ్డ పాలమూరు వాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

మైనానికి లోపాలున్నాయి. ఎర్ర దుబ్బ అంటుకుంటుంది. మొదటి వారం కింద మరకలు పడతాయి. ప్రెషర్ గన్‌తో కడిగిస్తే బయటివైపుది పోతుంది. మళ్లీ వెల్డింగ్ అవసరమైతే ముందు దాన్ని పూర్తిగా తుడవాలి, లేకపోతే మంటంటుకుంటుంది. ఏడాదికో, రెండేళ్లకో మళ్లీ కొట్టాలి. నేను ఏటా మృగశిరకు ముందు కొట్టాలని పెట్టుకున్నాను. ఏటా ఇదంతా ఎవరు పట్టించుకుంటారని మీరనుకుంటే, బాక్సుల లోపల ఒక్కసారైనా కొట్టించండి, అక్కడిది చాలాకాలం ఉంటుంది.

నల్ల కోటింగ్‌ను నేను పూర్తిగా వదల్లేదు. నాలుగు మడ్‌గార్డ్‌ల లోపల, ఎపాక్సీ మీద, రబ్బరు రకం ఒక కోటు వేయించాను. కంకర దెబ్బలకు అక్కడ అదే మంచిది. చక్రం విప్పితే ఆ చోటంతా ఎలాగూ కనిపిస్తుంది.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. పౌడర్ కోటింగ్‌ను ఓవెన్‌లో కాల్చాలి కాబట్టి విప్పి తీసిన భాగాలకే పనికొస్తుంది. ఇసుకను గాలితో చిమ్మి తుప్పు లేపే సాండ్ బ్లాస్టింగ్ యాక్సిల్‌కు, కమాన్ కట్టలకు సరే. పలుచని ఫ్లోర్ రేకు మీద చేస్తే వంకర పోతుంది, ఇసుక బాక్సుల్లో మిగులుతుంది. కాలిన ఇంజిన్ ఆయిల్ చల్లడం మన దగ్గర పాత అలవాటే, ఖర్చు లేదు, నిజంగానే కొంత ఆపుతుంది. కానీ రబ్బరు బుష్‌లను ఉబ్బిస్తుంది, బ్రేక్ డ్రమ్ముల్లోకి పోతే ప్రమాదం, కారిన నూనె నేలను పాడు చేస్తుంది. నేను వద్దంటాను.

డబ్బు తక్కువగా ఉంటే ఏం చేయాలని కూడా అడుగుతున్నారు. అప్పుడు వైర్ బ్రష్, కన్వర్టర్, మైనం, ఈ మూడు చాలు. నిగనిగ ఉండదు, కానీ ఏమీ దాగదు.

ఇప్పటికే నల్ల కోటింగ్ ఉన్నవాళ్లు వెంటనే అంతా గీకించనక్కర్లేదు. ముందు డోర్ల కింది బాక్సుల డ్రెయిన్ రంధ్రాలు వెతికి, ఒక సైకిల్ చువ్వతో పొడిచి తెరవండి. చువ్వకు ఎర్రటి తడి బురద అంటుకుని వస్తే ఆ బాక్సును ఈ వేసవిలోనే విప్పించండి. పొడి దుమ్ము రాలితే లోపల మైనం కొట్టించి, వచ్చే వేసవి దాకా ఆగవచ్చు.