బంటిగాడి పళ్ళు తోమడం: రెండున్నరేళ్ళ తర్వాత

బంటిగాడు మా కుక్క, ఇండియన్ స్పిట్జ్ జాతి. బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ మొత్తమ్మీద లిఫ్టు చప్పుడైనా మొరిగేది వాడొక్కడే. నాలుగో ఏట నోరు కంపు కొడుతోందని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే పై పెదవి ఎత్తి చూపించారు. దవడ పళ్ళమీద ముదురుపాకం గడ్డకట్టినట్టు గార. మత్తిచ్చి గీకించాం. బిల్లు చూశాక మత్తు నాకెక్కింది. "ఇకనుంచి రోజూ తోమండి, లేకపోతే మళ్ళీ ఇక్కడికే వస్తారు" అన్నారాయన.

ఆ సాయంత్రమే ఒక కిట్ తెప్పించాను. కోడిమాంసం రుచి ఉండే ఎంజైమ్ పేస్టు, వేలికి తొడిగే సిలికాన్ బ్రష్, రెండు తలల పొడుగు బ్రష్.

వేలి బ్రష్ దండగ. నా వేలికి వదులు, మా ఆయన వేలికి బిగుతు. మందంగా ఉండడంతో చెంప లోపల వెనకదాకా పోదు. రెండోవారంలో వాడు దాని కొస కొరికేశాడు. మింగేశాడా ఏంటని రాత్రి పదకొండింటికి ఫోన్ లైటేసుకుని ఇల్లంతా వెతికితే చెప్పుల స్టాండు వెనకాల దొరికింది. ఇక పొడుగు బ్రష్ చేతిలో కనిపిస్తే చాలు, మంచం కిందికి దూరేవాడు.

పేస్టుకి మాత్రం పూర్తి మార్కులు. మనకి వాసన వెగటే, వాడికది పాయసం. మింగినా ఫర్వాలేదు, కుక్కలకి ఉమ్మడం రాదు కదా. మన పేస్టు పెట్టకూడదనేది అందుకే. ఫ్లోరైడు కడుపులోకి పోతుంది. కొన్నింట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది కుక్క రక్తంలో చక్కెరని ఒక్కసారిగా పడగొట్టి ప్రాణం మీదికి తెస్తుంది.

చివరికి నిలబడ్డవి రెండే: మందుల షాపులో దొరికే గాజ్ గుడ్డ, చంటిపిల్లల మెత్తటి బ్రష్. మొదటివారం వేలిమీద పేస్టు నాకించడం తప్ప ఇంకేం చెయ్యలేదు. తర్వాత పెదవి ఎత్తి వదిలెయ్యడం. మూడోవారంలో గుడ్డ, రెండో నెలలో బ్రష్.

నేను మొదట నోరు తెరిపించబోయి భంగపడ్డాను. తెరిపించక్కర్లేదు. మూసిన నోట్లోనే పెదవి పక్కకి ఎత్తి పళ్ళ బయటివైపు తోమితే చాలు, లోపలివైపు చాలావరకు నాలుకే చూసుకుంటుంది. గార ఎక్కువ పట్టేది పై దవడలోని పెద్ద పన్నుకి. లాలాజలం వచ్చే నాళం సరిగ్గా దానికెదురుగా తెరుచుకుంటుంది. టైమ్ లేనిరోజు రెండువైపులా ఆ పన్ను ఒక్కటే తోమి వదిలేస్తాను.

అసలు కిటుకు మా అమ్మది. కావలి నుంచి వచ్చి, "మీ నాయనే రాత్రిపూట తోముకోడు, కుక్కకేందే ఈ వైభోగం" అని నవ్వింది. రెండ్రోజులు మా కుస్తీ చూసి, "ఎదురుగా కూర్చుని మీద మీదకి వంగితే అది బెదరదా" అంటూ కాళ్ళు చాపి నేలమీద కూర్చుంది. వాడి వీపు తన పొట్టకి ఆనించుకుంది. చెవి వెనక గోకుతూ ఆ చేత్తోనే పెదవి ఎత్తింది. వాడు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు, ముక్కు చీదాడంతే! అప్పట్నుంచీ మా పద్ధతి అదే. రాత్రి వాకింగ్ అయ్యాక, గోడకెదురుగా, నిమిషంన్నర.

ఆదివారం ఒక్కరోజు తోమితే లాభం లేదు. పాచి రెండుమూడు రోజుల్లో గట్టిపడి గారవుతుంది, అది బ్రష్‌కి రాదు. నాకు వారానికి ఐదు రోజులు కుదురుతోంది. ఆఫీసులో రిలీజ్ ఉన్న వారం అదీ లేదు, అబద్ధమెందుకు.

నమిలే డెంటల్ స్టిక్స్ కూడా పెట్టాం. నాలుగు నెలల్లో కిలోన్నర పెరిగాడు, మానేశాం. ఎముకలు, కొమ్ములు ఇవ్వం. గోరుతో నొక్కితే సొట్టపడని వస్తువు పళ్ళని విరగ్గొడుతుంది. మత్తు లేకుండా గీకుతామని ఒక గ్రూమింగ్ షాపువాళ్ళు అడిగారు, వద్దన్నాను. చిగురు కింద ఉన్నది మెలకువగా ఉన్న ఏ కుక్క గీకనిస్తుంది?

పోయిన నెల చెకప్‌లో చిగుళ్ళు ఎర్రగా లేవన్నారు. కుడివైపు శుభ్రం. ఎడమవైపు పెద్ద పన్నుమీద మాత్రం సన్నగా పసుపు గీత. నాది కుడిచేతివాటం, ఎడమవైపుకి వచ్చేసరికి వాడికి ఓపిక అయిపోతుంది. ఈ నెల నుంచి ఎడమవైపే ముందు తోముతున్నాను.