శాపం ఏ వజ్రానిది: హోప్‌దా, జాకబ్‌దా?

భయపెట్టడంలో హోప్‌దే పైచేయి. 45.52 క్యారెట్ల ఈ నీలి వజ్రం మన కొల్లూరు గనిదేనంటారు. విగ్రహం కంట్లోంచి దాన్ని పెరికిన ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియేను కుక్కలు చీల్చేశాయని కథ. నిజానికి ఆయన ఎనభై దాటాకే పోయాడు. నగల వ్యాపారి పియర్ కార్టియే ఈ శాపాన్నే ఊరించి చెప్పి, ఓ అమెరికా సంపన్నురాలికి అంటగట్టాడు. భలే సేల్స్‌మన్! 1958 నుంచి అది అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

జాకబ్‌లో రక్తపాతం లేదు, కోర్టు టెన్షనే. నాకిదే నచ్చుతుంది. 184.75 క్యారెట్ల ఈ రాయి బేరం 1891లో కలకత్తా హైకోర్టుకెక్కింది. ఆ కేసుతో విసిగిన కొనుగోలుదారు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు అది అచ్చిరాని రాయిలా తోచిందంటారు. ఆయన పోయాక, ఆయన బూటు ముందుభాగంలో కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు దొరికిందట. ఆయనేమో కాగితాలు ఎగరకుండా దాన్ని బరువుగా పెట్టుకున్నాడు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టినప్పుడు శాపం మాటెత్తకుండా అందరూ ధరే అడిగి ఉంటారు.